అల్హంబ్రా వెళ్తున్నారా? అందరూ మళ్ళీ మళ్ళీ అడిగే డౌట్లన్నీ ఒకేచోట

అల్హంబ్రా ఉన్న స్పెయిన్ ఊరు గ్రనాడాకి నేను రెండుసార్లు వెళ్ళాను, మొదటిసారి ఒక్కదాన్నే, రెండోసారి అమ్మానాన్నల్ని తీసుకుని. అప్పట్నుంచి స్పెయిన్ ట్రిప్ అనుకున్న ప్రతి చుట్టం, ప్రతి పాత కొలీగ్ మెసేజ్ పెట్టడం, నేను అదే జవాబు మళ్ళీ టైప్ చెయ్యడం. ఇక ఓపిక లేక అన్నీ ఇక్కడ పెట్టేస్తున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో దానికే వెళ్ళిపోండి.

## ప్లాన్ చేసుకునేటప్పుడు

అసలు ఈ అల్హంబ్రా ఏంటి? కోటా, ప్యాలెస్సా, గార్డెనా?

మూడూను. గ్రనాడా ఊరిని ఆనుకుని సబీకా అని ఒక కొండ ఉంది, దాని చుట్టూ గోడ కట్టి లోపల కోట, రాజుల ఇళ్ళు, తోటలు, స్నానాల గదులు, పనివాళ్ళ బజారు అన్నీ పెట్టుకున్నారు, అంటే కొండ మీద ఒక చిన్న ఊరన్నమాట. 1238లో నస్రిద్ వంశం మొదటి రాజు ముహమ్మద్ ఇబ్న్ అల్ అహ్మర్ మొదలుపెట్టాడు, తర్వాత వచ్చినవాళ్ళు కట్టుకుంటూ పోయారు, 1492 జనవరి 2న ఆఖరి రాజు బోఅబ్దిల్ ఊరిని స్పెయిన్ క్రైస్తవ రాజు ఫెర్డినాండ్, రాణి ఇసబెల్లా దంపతులకి అప్పగించేశాడు. మన లెక్కలో చెప్పాలంటే ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్నప్పుడు మొదలై, కృష్ణదేవరాయలు పట్టానికి రాకముందే కథ ముగిసింది. పేరుకి అరబిక్‌లో 'ఎర్రది' అని అర్థం, ఆ గోడల మట్టి రంగు చూస్తే ఎందుకో అర్థమైపోతుంది. స్పానిష్‌లో 'h' అక్షరం పలకరు, అక్కడ 'అలాంబ్రా' అనండి, టాక్సీ డ్రైవర్‌కి వెంటనే అర్థమవుతుంది.

అల్హంబ్రాని మూరిష్ కట్టడం అంటారు కదా, మూరిష్ అంటే ఏంటి? మూర్స్ అనేది ఒక జాతా?

కాదు. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి జలసంధి దాటి స్పెయిన్‌కి వచ్చిన ముస్లింలని, వాళ్ళ తర్వాతి తరాలని కలిపి యూరప్ వాళ్ళు పెట్టిన పేరు అది, అందులో అరబ్బులున్నారు, బెర్బర్లనే ఉత్తర ఆఫ్రికా తెగలవాళ్ళున్నారు, మతం మారిన స్థానికులూ ఉన్నారు. 1236లో కార్డోబా, 1248లో సెవిల్ క్రైస్తవ రాజుల చేతికి పోయాక చివరికి గ్రనాడా ఒక్కటే మిగిలింది. ఎలా మిగిలిందంటే కప్పం కట్టి. సెవిల్‌ని ముట్టడించినప్పుడు గ్రనాడా రాజు తన సైన్యాన్ని తోటి ముస్లింల మీదకే పంపాల్సొచ్చింది. ఇది తెలిసి చూస్తే ఆ ప్యాలెస్ వేరేగా కనిపిస్తుంది. అది ప్రపంచాన్ని గెలిచిన రాజు ఇల్లు కాదు, పక్కవాడికి డబ్బు కడుతూ రోజులు నెట్టుకొస్తున్న రాజు ఇల్లు. అయినా అంత అందంగా కట్టుకున్నాడు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఏప్రిల్, మే, లేదంటే అక్టోబర్. జూలై ఆగస్టుల్లో మధ్యాహ్నం 35 డిగ్రీలు ఈజీగా దాటేస్తుంది, విజయవాడ ఎండలు చూసినవాళ్ళం మాకో లెక్కా అనుకుంటారు గానీ అక్కడిది పొడి ఎండ, చెమట పట్టినట్టే తెలీదు, నీరసం వచ్చి కూలబడ్డాక తెలుస్తుంది. చలికాలం ఇంకో రకం. ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, వెనకాలే సియెర్రా నెవాదా మంచు కొండలు, కాబట్టి జనవరి పొద్దున్నే సున్నా దగ్గరకి పడిపోతుంది. కాకపోతే జనం తక్కువ, తెల్లటి కొండల ముందు ఎర్రటి కోట ఫోటో అప్పుడే వస్తుంది. టైమింగ్స్ ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 14 దాకా పొద్దున 8:30 నుంచి రాత్రి 8, మిగతా నెలల్లో సాయంత్రం 6కే మూసేస్తారు. డిసెంబర్ 25, జనవరి 1 సెలవు.

నాకు అమెరికా గ్రీన్ కార్డ్ ఉంది కదా, వీసా ఎందుకు?

ఎందుకంటే పాస్‌పోర్ట్ ఇండియాది కాబట్టి. గ్రీన్ కార్డ్ ఉన్నా, హెచ్ వన్ బీ ఉన్నా షెంగెన్ వీసా (స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) కావాల్సిందే, కాకపోతే అప్లై చేసేది మీరుండే దేశం నుంచి. 30,000 యూరోల కవరేజ్‌తో ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంగెన్ దేశాల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు, పర్మిట్, పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని రావడమే.

మాడ్రిడ్ నుంచి ఒక్కరోజులో వెళ్ళొచ్చేయచ్చా?

వెళ్ళొచ్చు, కానీ వద్దు. ఫాస్ట్ ట్రైన్‌కే మూడు మూడున్నర గంటలు పడుతుంది, అంటే పోనూ రానూ ఏడు గంటలు కూర్చునే ఉంటారు, మధ్యలో కొండెక్కి పరిగెత్తాలి. రెండు రాత్రులు ఉండండి, ఒక రోజు పూర్తిగా కొండకి, ఇంకో రోజు ఎదురుగా ఉన్న అల్బైసిన్ అనే పాత పేటకి. మలగా ఎయిర్‌పోర్ట్‌లో దిగేవాళ్ళకి ఇంకా సులువు, అక్కడ్నుంచి బస్సులో సుమారు రెండు గంటలే.

## టికెట్లు

అక్కడికెళ్ళి కౌంటర్‌లో తీసుకోవచ్చా?

ఆ ఆశ పెట్టుకోకండి. రోజుకి ఇంతమందినే అని లిమిట్ ఉంది, సీజన్‌లో వారాల ముందే అయిపోతాయి. ఫ్లైట్ బుక్ చేసిన రోజే, ఇంకా మాట్లాడితే హోటల్ కంటే ముందే, అఫీషియల్ సైట్‌లో తీసేసుకోండి. మామూలు డే టికెట్ సుమారు 20 యూరోల చుట్టుపక్కల ఉంటుంది. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చేవన్నీ రీసెల్లర్ సైట్లే, చూడ్డానికి అసలు సైట్‌లానే ఉంటాయి, రేటు మాత్రం రెట్టింపు కూడా ఉండొచ్చు.

చాలా రకాల టికెట్లు ఉన్నాయి, ఏది తీసుకోవాలి?

'అల్హంబ్రా జనరల్' అని ఉన్నది. అందులో నస్రిద్ ప్యాలెసులు, అల్కసాబా కోట, హెనెరలీఫే తోటలు మూడూ వస్తాయి. 'గార్డెన్స్' అని ఇంకోటి చౌకగా కనిపిస్తుంది, దాంట్లో కోట, తోటలు ఉంటాయి గానీ ప్యాలెసులు ఉండవు. నేను మొదటిసారి చేసిన తప్పు అదే, ఫోన్‌లో సరిగ్గా చదవకుండా చౌకగా ఉందని నొక్కేశాను, ప్యాలెస్ గేటు దగ్గర అమ్మాయి స్కాన్ చేసి నవ్వుతూ తల అడ్డంగా ఊపింది, ఏడుపొక్కటే తక్కువ. సింహాల ఫౌంటెన్ చూడకుండా గ్రనాడా నుంచి వచ్చేసిన మనిషిని నేను. రెండోసారి వెళ్ళింది సగం అందుకే. రాత్రి ప్యాలెసులు చూసే నైట్ టికెట్ కూడా ఉంది, అది బాగుంటుంది గానీ పగటి టికెట్ దొరికాక ఎక్స్‌ట్రాగా తీసుకోండి, దీపాల వెలుగులో సన్నపని సరిగ్గా కనపడదు.

టికెట్ మీద ఒక టైమ్ వేసుంది, అది కొండ గేటు దగ్గరకా?

కాదు, అది నస్రిద్ ప్యాలెసుల గుమ్మం దగ్గర ఉండాల్సిన టైమ్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 10:30 అని ఉంటే 10:30కి మెయిన్ గేటు దగ్గర ఉంటే చాలనుకుంటారు, అక్కడ్నుంచి ప్యాలెస్ గుమ్మానికి నడవడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. స్లాట్ దాటిపోతే లోపలికి పంపరు, బతిమాలినా పంపరు. ఒకసారి లోపలికి వెళ్ళాక ఎంతసేపైనా ఉండొచ్చు, కానీ బయటికొస్తే మళ్ళీ రానివ్వరు. కోట, తోటలకి ఈ గొడవ లేదు, ఆ రోజులో ఎప్పుడైనా ఒక్కోసారి వెళ్ళొచ్చు.

సోల్డ్ అవుట్ చూపిస్తోంది, ఇంక అంతేనా?

కాదు, కొన్ని దార్లున్నాయి. మొదటిది, సైట్ రోజూ చూస్తూ ఉండండి, క్యాన్సిల్ అయినవి ఒకటీ అరా వెనక్కి వస్తుంటాయి, ఇద్దరికైతే దొరికే ఛాన్సు ఎక్కువ, ఆరుగురికి కష్టం. రెండోది, గ్రనాడా సిటీ కార్డ్, దాంతో అల్హంబ్రా ఎంట్రీ కూడా వస్తుంది. మూడోది, గైడెడ్ టూర్, వాళ్ళ కోటా వేరే, డబ్బులు మాత్రం గట్టిగా అవుతాయి. ఏదీ దొరక్కపోతే నైట్ టికెట్ అయినా తీసుకోండి, అసలు చూడకపోవడం కంటే నయం.

పాస్‌పోర్ట్ హోటల్లో పెట్టి ఫోన్‌లో ఫోటో చూపిస్తే చాలదా?

చాలదు. టికెట్ మీద మీ పేరు, పాస్‌పోర్ట్ నంబర్ ఉంటాయి, ఒరిజినల్ అడుగుతారు. బుక్ చేసేటప్పుడు నంబర్ కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

## కొండెక్కడం

సిటీ నుంచి పైకి ఎలా వెళ్ళాలి?

ఓపికుంటే నడవండి. ప్లాసా నువేవా దగ్గర గోమెరెస్ అనే వీధి మొదలవుతుంది, ఏటవాలుగా పైకి పోతుంది, గిటార్లు చేసే షాపులు దాటాక ఒక రాతి గేటు వస్తుంది, దాని మీద మూడు దానిమ్మకాయలు చెక్కి ఉంటాయి (గ్రనాడా అంటే స్పానిష్‌లో దానిమ్మే). అక్కడ్నుంచి చెట్ల నీడ, రెండు పక్కలా కాలవల్లో నీళ్ళ చప్పుడు, ఇరవై నిమిషాల్లో పైన ఉంటారు. నడవలేనివాళ్ళకి సీ 30, సీ 32 అని చిన్న ఎర్ర బస్సులు ఉన్నాయి. టికెట్ ముందే చేతిలో ఉంటే మెయిన్ గేటు దాకా పోకుండా మధ్యలో 'న్యాయ ద్వారం' దగ్గరే లోపలికి వెళ్ళిపోండి, 1348 నాటి గేటు అది, బయటి ఆర్చి మీద చెయ్యి, లోపలి ఆర్చి మీద తాళంచెవి చెక్కి ఉంటాయి. ప్యాలెసులకి అదే దగ్గర దారి.

అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు, తీసుకెళ్ళచ్చా?

తీసుకెళ్ళొచ్చు, మా నాన్న నడిచారు, ఆయనకి డెబ్భై. కాకపోతే మొత్తం కలిపి మూడు నాలుగు కిలోమీటర్ల నడక, రాళ్ళు పరిచిన నేల, అక్కడక్కడా మెట్లు. పైకి బస్సో టాక్సీయో ఎక్కించండి, అల్కసాబా బురుజు మెట్లు మానిపించండి, ప్రతి ముప్పావుగంటకి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టండి. చెప్పులు వద్దు, షూస్ వేయించండి. మా అమ్మ చీర మీదకి స్పోర్ట్స్ షూస్ వెయ్యనని గంట గొడవ పెట్టుకుంది, సాయంత్రం ఆ షూస్‌కే దణ్ణం పెట్టింది.

చిన్నపిల్లలున్నారు, స్ట్రోలర్ తీసుకెళ్ళచ్చా?

ప్యాలెసుల లోపలికి రానివ్వరు, బేబీ క్యారియర్ పెట్టుకోండి. 12 ఏళ్ళలోపు పిల్లలకి ఫ్రీయే కానీ బుకింగ్‌లో వాళ్ళ పేరు మీద కూడా టికెట్ తీసుకోవాల్సిందే. పెద్ద బ్యాక్‌ప్యాక్‌లు కూడా గేటు దగ్గరే పెట్టేయమంటారు, చిన్నవైతే ముందుకి తగిలించుకోవాలి.

## లోపల

గోడలన్నీ ఒకేలా ఉంటాయట కదా, లోపల ఏం చూడాలి?

గబగబా నడిచేస్తే ఒకేలానే ఉంటాయి. అందుకే నేను నాలుగు చోట్ల ఆగమంటాను.

మొదటిది, గోరింటాకు చెట్టులా ఉండే మిర్టిల్ కంచెల మధ్య పొడుగాటి కొలను ఉన్న కోమారెస్ వాకిలి. కొలను నిండా ఎదుటి బురుజు నీడ అద్దంలోలా పడుతుంది, 45 మీటర్ల బురుజు అది. అందరూ ఆ నీడకి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు కొలను చివర నేల మీదున్న గుండ్రటి చిన్న పళ్ళెం దగ్గర వంగి చూడండి. నీళ్ళు ముందు అందులో ఉబికి, సన్నటి కాలవలో నెమ్మదించి, చప్పుడు చెయ్యకుండా కొలనులోకి జారతాయి. ఎందుకంత జాగ్రత్త అంటే పైన అల రాకూడదు, అలొస్తే నీడ చెదిరిపోతుంది. అద్దం కావాలని నీళ్ళకి నడక నేర్పారు.

రెండోది, ఆ బురుజు లోపలి రాయబారుల గది. మెడ నొప్పెట్టినా పైకప్పు చూడండి, 8,017 చెక్క ముక్కలతో చేసిన ఆకాశం అది, ఇస్లాంలో చెప్పే ఏడు స్వర్గాల్ని నక్షత్రాల వరసలుగా పేర్చారు.

మూడోది, ఐదో ముహమ్మద్ కట్టించిన సింహాల వాకిలి, 124 సన్నటి పాలరాతి స్తంభాలు, మధ్యలో 12 సింహాలు. నాలుగోది దాని పక్కనే ఉన్న అక్కచెల్లెళ్ళ గది, పేరు చూసి ఏదో ప్రేమకథ అనుకోకండి, నేలలో ఉన్న రెండు పెద్ద పాలరాతి పలకల వల్ల వచ్చింది. కప్పు తేనెపట్టులా వేలాడుతుంటుంది, చిన్న చిన్న గూళ్ళు వేలల్లో.

ఇంకో మాట, ఆ నగిషీ అంతా పాలరాయి అనుకుంటారు, స్తంభాలు తప్ప చాలామటుకు గచ్చు (ప్లాస్టర్) పనే. గచ్చు, చెక్క, మట్టి టైళ్ళు, అంటే ఖరీదైనవేం కావు. ఒకప్పుడు ఆ గచ్చు మీద నీలం, ఎరుపు, బంగారు రంగులుండేవి, మూలల్లో వెతికితే ఇంకా కాస్త నీలం కనపడుతుంది.

గోడల మీద అరబిక్‌లో ఏం రాసుంది? అంతా ఖురానేనా?

ఖురాన్ వాక్యాలున్నాయి, రాజుల పొగడ్తలున్నాయి, పద్యాలూ ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువసార్లు కనపడేది నస్రిద్‌ల నినాదం, 'అల్లా తప్ప విజేత లేడు' అని. ఒకసారి దాని ఆకారం గుర్తుపట్టారంటే ఇక వదలదు, ప్రతి గోడ మీదా అదే కనిపిస్తుంది, పిల్లలకి లెక్కపెట్టే ఆట పెట్టండి, గంటసేపు సౌండ్ ఉండదు. పద్యాల్లో తమాషా ఏంటంటే కొన్నిచోట్ల గోడే 'నేను' అని మాట్లాడుతుంది, నన్ను చూడు నా అందం చూడు అని తన గొప్ప తనే చెప్పుకుంటుంది.

సింహాల నోట్లోంచి గంటకొకటి చొప్పున నీళ్ళొచ్చేవట, నిజమేనా?

గైడ్లు చెప్పే ముచ్చట, దానికి పక్కా ఆధారమేం లేదు. నిజంగా ఉన్నది ఇంకా బాగుంటుంది. సింహాలు మోస్తున్న తొట్టి అంచు చుట్టూ ఇబ్న్ జమ్రక్ అనే ఆస్థాన కవి పద్యం చెక్కి ఉంది, ఆయన మంత్రి కూడా. కారుతున్నది నీళ్ళా, పాలరాయా అని చూసేవాడికి తేడా తెలియదని అందులో ఒక మాట. సింహాల్ని రిపేరుకి తీసి శుభ్రం చేసి 2012లో మళ్ళీ వాకిలి తెరిచారు, ఇప్పుడు ఒక్కోదాని మొహం ఒక్కోలా ఉందని స్పష్టంగా కనపడుతుంది. పక్కనే అబెన్సెర్రాహెస్ గదిలో తొట్టి మీద ఎర్ర మరకలు చూపించి ఇక్కడ ఒక వంశం మొత్తాన్ని నరికేశారు, అది రక్తం అంటారు. తుప్పండీ అది.

మధ్యలో ఆ పెద్ద రాతి బిల్డింగ్ ఏంటి, అస్సలు కలవట్లేదు?

అది స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ 1527లో మొదలుపెట్టిన ప్యాలెస్. బయట చతురస్రం, లోపల గుండ్రటి వాకిలి. ఆయన అందులో ఒక్కరోజు కూడా కాపురం ఉండలేదు, పైకప్పు పడింది 20వ శతాబ్దంలో. ఒంటరిగా చూస్తే గొప్ప బిల్డింగే, కానీ నస్రిద్ గదుల పక్కన పెళ్ళిలో పిలవని చుట్టంలా నిలబడి ఉంటుంది, నా అభిప్రాయం అది. ఎంట్రీ ఫ్రీ.

ఫోటోలు తీసుకోనిస్తారా?

ఫోన్, కెమెరా ఓకే. ఫ్లాష్, ట్రైపాడ్ వద్దంటారు. గోడల మీద చెయ్యి అస్సలు పెట్టకండి, గచ్చు కదా, అరిగిపోతుంది.

## తోటలు

హెనెరలీఫే స్కిప్ చేస్తే ఏమవుతుంది? కాళ్ళు పోయేలా ఉన్నాయి

పది నిమిషాలు కూర్చుని, మళ్ళీ లేవండి. అది రాజుల వేసవి విడిది, పెద్ద ప్యాలెస్ నుంచి లోయ దాటి అవతలి కొండవాలు మీద ఉంటుంది. స్పెల్లింగ్ చూసి జనరల్ లైఫ్ అని చదివేస్తారు మనవాళ్ళు, నేనూ చదివాను. పొడుగాటి వాకిలి, మధ్యలో కాలవ, రెండు పక్కలా ఫౌంటెన్లు, పూలమొక్కలు. దాని పైన నీళ్ళ మెట్లు అని ఉన్నాయి, బే లీఫ్ చెట్ల నీడలో, మెట్లకి రెండు పక్కలా పిట్టగోడ, ఆ గోడ పైభాగమే గాడి, అందులో నీళ్ళు పరిగెడుతుంటాయి. మా అమ్మ దిగుతూ చెయ్యి అందులోనే ఉంచి కింద దాకా వచ్చింది.

మా నాన్నది గోదావరి డెల్టా, పొలం చేసిన మనిషి. సింహాల దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడలేదు గానీ ఇక్కడ మాత్రం 'మోటారు ఎక్కడ పెట్టారే' అని వెతికారు. మోటారు లేదు నాన్నా అని చెప్పాను. దర్రో నదిని సుమారు ఆరు కిలోమీటర్ల ఎగువన పట్టుకుని, కొండవాలు వెంబడి కాలవ తవ్వి, వాలు మీదే నీళ్ళని ఇక్కడిదాకా తెచ్చారు, రాజకాలవ అంటారు దాన్ని. ఈ తోటలు, ప్యాలెసులు, స్నానాల గదులు అన్నిటికీ మొదట్లో నీళ్ళిచ్చింది అదే. ఇక చూస్కోండి, నాన్న ప్రతి తూము దగ్గరా, ప్రతి బోదె దగ్గరా వంగి వాలు ఎంతుందో చూస్తూ గంటన్నర అక్కడే.

ఈ తోట అంతా 700 ఏళ్ళ నాటిదేనా?

కాలవ, వాకిలి ఆకారం పాతవి, చెట్లు కావు. గోడల్లా కత్తిరించిన సైప్రస్ చెట్ల కింది తోట 1931లో మొదలైంది, 1951లో ఫ్రాన్సిస్కో ప్రియెతో మొరెనో అనే ఆర్కిటెక్ట్ పూర్తి చేశాడు. కాలవ మీద విల్లులా వంగే ఫౌంటెన్లు కూడా నస్రిద్‌ల నాటివి కావు, తర్వాత పెట్టినవి. 1958లో అక్కడ అగ్నిప్రమాదం జరిగాక తవ్వి చూస్తే పాత తోట నేలమట్టం కింద బయటపడింది. మోసం అనుకోకండి, తోట అన్నాక ఎవరో ఒకరు మళ్ళీ నాటుతూ ఉండాల్సిందే కదా. పూల కోసమైతే ఏప్రిల్, మే నెలలు, గులాబీలు మేలో విరగబూస్తాయి.

## తిండి, ఇంకా మిగతావి

మేం ప్యూర్ వెజ్, ఏం తినాలి?

బతకొచ్చు, కానీ అడిగి తినాలి. మాంసం లేదు అంటే వాళ్ళ దృష్టిలో పంది హ్యామ్ ముక్కలు, చేపలు లెక్కలోకి రాకపోవచ్చు, అందుకే 'సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో' అని మూడూ చెప్పండి. 'వెహెతాల్' శాండ్‌విచ్ పేరు చూసి మోసపోకండి, అందులో ట్యూనా చేప పెట్టేస్తారు. సల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద కూడా హ్యామ్, గుడ్డు చల్లుతారు. గజ్‌పాచో మామూలుగా సేఫ్. గ్రనాడాలో తప్పకుండా తినాల్సింది వంకాయ చెక్కలు వేయించి మీద చెరకు పాకం పోసేది, 'బెరెన్‌హేనాస్ కోన్ మియెల్'. వంకాయ మీద పాకం ఏంటని మొహం తిప్పుకున్న మా అమ్మ రెండో ప్లేట్ చెప్పించింది. ఈ ఊళ్ళో డ్రింక్ చెప్తే చిన్న ప్లేట్ తిండి ఫ్రీగా వస్తుంది, అది మందే కానక్కర్లేదు, కానీ వెజ్ అని ముందే చెప్పండి. డిన్నర్ రాత్రి తొమ్మిదికి గానీ మొదలవదు, పచ్చడి సీసా, చపాతీలు ఉంటే ఏడింటికి ప్రాణం నిలుస్తుంది.

టికెట్ అసలు దొరకలేదు, కొండ మీదకి వెళ్ళడం దండగా?

దండగ కాదు. న్యాయ ద్వారం, ఐదో చార్లెస్ ప్యాలెస్, లోపలి వీధి టికెట్ లేకుండానే చూడొచ్చు. పాత మఠాన్ని హోటల్ చేశారు, ఇసబెల్లా రాణిని మొదట పాతిపెట్టింది ఆ మఠంలోనే, 1521లో ఊళ్ళోని రాయల్ చాపెల్‌కి మార్చారు.

సాయంత్రం ఫోటో ఎక్కడ్నుంచి తియ్యాలి?

ఎదురు కొండ మీద అల్బైసిన్ పేటలో సాన్ నికొలాస్ చర్చి ముందున్న అరుగు. సూర్యాస్తమయానికి గంట ముందే వెళ్ళండి, ఆలస్యమైతే పిట్టగోడ మీద చోటు దొరకదు, జేబులు, బ్యాగులు జాగ్రత్త. ఎండ దిగేకొద్దీ గోడలు ఇటుక రంగు నుంచి కుంకుమ రంగుకి వస్తాయి, అటుపక్క ఎవరో గిటార్ వాయిస్తుంటారు. మేం వెళ్ళిన రోజు నాన్న అవతలి కొండ మీద రాజకాలవ ఏ వాలున వచ్చి ఉంటుందో వేలితో గీత గీసి అమ్మకి చూపిస్తున్నారు, అమ్మ వినట్లేదు, షూస్ విప్పేసి కూర్చుంది.